విత్తనం వడ్లు

(చీపురుపల్లిలో 2023 మే నెలలో జరిగిన మా సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడాదీ ఈ సమయానికి మేము జమాఖర్చులు చదువుతాం. జకాత్ ఎంత వచ్చింది, సదకా ఎంత వచ్చింది, ఎవరికి ఎంత వెళ్లింది అని పైసాతో సహా చెబుతాం. అది మీ హక్కు. ఈ ఏడాది లెక్కలు కోశాధికారి ఇప్పుడే చదివి వినిపించారు. తర్వాత మమ్మల్ని నాలుగు మాటలు చెప్పమన్నారు. మన లెక్కలు అయిపోయాయి గనుక ఇంకొకరి లెక్కల గురించి మాట్లాడతాం. ఆ లెక్కలు ఢిల్లీలో రాస్తారు. వాటి ఫలితం మాత్రం మన వీధిలోని పిల్లవాడి పుస్తకాల సంచీ మీద పడుతుంది.

ఈ ఏడాది మార్చి 23వ తేదీ మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మర్నాడు మనకు రంజాన్ మొదటి రోజా. ఇళ్లలో సహరీకి ఏం కావాలో చూసుకుంటున్నాం, మసీదులో తరావీహ్ ఏర్పాట్లు చేసుకుంటున్నాం. అదే సాయంత్రం లోక్‌సభలో దేశం మొత్తానికి ఏడాది ఖర్చు, దాదాపు 45 లక్షల కోట్ల రూపాయలు, చర్చ లేకుండా కొద్ది నిమిషాల్లో ఆమోదం పొందింది. అధికార పక్షం ఒక క్షమాపణ అడుగుతోంది. ప్రతిపక్షం ఒక విచారణ సంఘం అడుగుతోంది. ఇద్దరి కేకల మధ్య పద్దులన్నీ ఒక్క మూటగా ఓటుకు వచ్చేశాయి. దీనిని పార్లమెంటు భాషలో గిలటిన్ అంటారు. చర్చకు గడువు దాటిపోయిన పద్దులన్నిటినీ ఒక్క వేటుతో తేల్చేయడం అన్నమాట. ఇది చట్టవిరుద్ధం కాదు. ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా చాలా పద్దులు ఇలాగే దాటిపోతాయి. కానీ ఈసారి ఒక్క శాఖ పద్దు మీద కూడా చర్చ జరగలేదు.

ఇందులో మనకేం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. మాకూ చాలా ఏళ్లు అలాగే అనిపించింది. ఒక తల్లి మాకు ఆ పాఠం నేర్పింది.

కిందటి ఏడాది వేసవి తర్వాత మన ఊళ్లోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ చాలామంది తల్లులు ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టారు. అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు కేంద్రం ఇచ్చేది. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష రూపాయలు దాటకూడదు, పిల్లవాడికి 50 శాతం మార్కులు ఉండాలి. దాని కోసం ఒక తల్లి సచివాలయానికి రెండుసార్లు వెళ్లింది, ఆదాయ ధ్రువపత్రానికి. బ్యాంకుకు మూడుసార్లు వెళ్లింది, ఖాతాకు ఆధార్ కలపడానికి. నెట్ సెంటరులో దరఖాస్తు నింపించింది. అయిదు పనిదినాల కూలి పోయింది. ఆమె కొడుకు నాలుగో తరగతి. వచ్చేది ఎంత? నెలకు 100 రూపాయల చొప్పున పది నెలలకు 1,000 రూపాయలు.

నవంబరు చివర్లో ఢిల్లీ నుంచి ఒక నోటీసు వచ్చింది. ఇకమీదట ఈ స్కాలర్‌షిప్పు తొమ్మిది, పది తరగతులకే, ఒకటి నుంచి ఎనిమిది దాకా లేదు అని. దరఖాస్తులన్నీ పెట్టాక వచ్చిన నోటీసు అది. ఆమె మా ఆఫీసుకు వచ్చి కూర్చుని అడిగింది: "బాబూ, మా పిల్లడు ఏటి తప్పు సేశాడు?"

మేము జవాబు చెప్పలేకపోయాం. తప్పు పిల్లవాడిది కాదని తెలుసు. మరి ఎవరిది, ఎక్కడ, ఎప్పుడు తీసుకున్న నిర్ణయం అని వెతుక్కుంటూ వెళితే బడ్జెట్ పుస్తకాల దగ్గర తేలాం. ఆ వెతుకులాటలో తెలిసిన సంగతులే ఈ రోజు మీ ముందు పెడుతున్నాం.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 2020లోనూ ఒక మార్చి 23 ఉంది. ఆ రోజు కరోనా భయంతో పార్లమెంటు సమావేశాలు ముందుగానే ముగించారు. ఆ ఏటి ఆర్థిక బిల్లును అందరూ ఒప్పుకుని చర్చ లేకుండానే లోక్‌సభలో ఆమోదించారు. మర్నాడు అర్ధరాత్రి నుంచి దేశానికి తాళం పడింది. మన రాష్ట్ర శాసనసభ జూన్ 16న కూర్చుని 2,24,789 కోట్ల బడ్జెట్టును రెండు రోజుల్లో ముగించింది. సెప్టెంబరులో పార్లమెంటు మళ్లీ కూర్చుంది గానీ ప్రశ్నోత్తరాల సమయం లేదు. రాతపూర్వక జవాబులు మాత్రం ఇచ్చారు. తోవలో చనిపోయిన వలస కూలీల లెక్క తమ దగ్గర లేదని కేంద్ర కార్మిక శాఖ ఆ జవాబుల్లోనే చెప్పింది. ఆ ఏడాది శీతాకాల సమావేశాలే జరగలేదు. జనానికి ఎక్కువ కష్టం వచ్చిన ఏడాదే జనం గురించి అడిగే చోటు ఎక్కువ రోజులు మూతపడింది. జబ్బు కారణం నిజమే. ఫలితమూ నిజమే.

ఆ కష్టం ఎంతటిదో మన జిల్లాకు ఎవరూ చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ రేవులో పడవల మీదే చిక్కుకుపోయారు. హైదరాబాదు, చెన్నై వెళ్లిన కూలీలు నడుచుకుంటూ ఇల్లు చేరారు. ఆ ఏడాది ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో దేశ ఉత్పత్తి అంతకు ముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే దాదాపు నాలుగో వంతు పడిపోయింది. పట్టణాల్లో పని కోసం చూస్తున్న వాళ్లలో నూటికి దాదాపు 21 మందికి పని లేదని ప్రభుత్వ సర్వేనే చెప్పింది.

మన వాళ్ల సంగతి చూడండి. జనాభా లెక్కల ప్రకారం విజయనగరం జిల్లాలో మనం నూటికి ఒక్కరం కూడా లేం. ఉన్న కొద్దిమందిలో ఎక్కువమంది రెక్కల మీద బతికేవాళ్లమే. పరుపులు కుట్టేవాళ్లు, దర్జీలు, పళ్ల బండి వాళ్లు, మెకానిక్కులు, లారీ డ్రైవర్లు, కోడిమాంసం కొట్టు వాళ్లు. గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్స్, మాంగనీసు గనుల మీద ఆధారపడిన కుటుంబాలు కొన్ని. ఫెర్రో అల్లాయ్స్‌కు కరెంటు కూడా ముడిసరుకు లాంటిదే. చార్జీలు పెరిగినా, ఉక్కు ధర పడినా కొలిమి ఆగుతుంది. జూట్ మిల్లులు మూతపడడం, తెరవడం ఈ జిల్లాకు కొత్త కాదు. ఈ పనుల్లో ఏ ఒక్కదానికీ నెల జీతం భరోసా లేదు. పని ఆగితే ఆ సాయంత్రమే పొయ్యి మీద తెలుస్తుంది.

పొయ్యి తర్వాత తెలిసేది బడి దగ్గర. ఇది మేము కళ్లారా చూసిన క్రమం. తండ్రికి పని పోతే మొదట పాలు మానేస్తారు. తర్వాత అద్దె బాకీ పెడతారు. ఆ తర్వాత పెద్ద కొడుకు "సెలవుల్లోనే కదా" అని షెడ్డుకు వెళతాడు. కూతురు "తమ్ముడిని చూసుకోవాలి" అని ఇంట్లో ఉంటుంది. సెలవులు అయిపోతాయి. వాళ్లిద్దరూ మాత్రం తిరిగి బడికి వెళ్లరు. 2020 మార్చిలో మూసిన మన రాష్ట్రంలోని బళ్లు మధ్యలో కొన్నాళ్లు తెరిచి, మళ్లీ మూసి, 2021 ఆగస్టు 16న గానీ నిలకడగా తెరుచుకోలేదు. అంత పొడవైన సెలవులు మన తరం చూడలేదు.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. దాతల ముందు చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతాం? 2020, 2021లో మేము బియ్యం, నూనె, పప్పు కిట్లు ఇచ్చాం. మీ డబ్బుతోనే ఇచ్చాం. ఫోటోలు కూడా తీయించుకున్నాం. ఒక ఇంటికి అయిదుసార్లు కిట్ ఇచ్చాం. ఆ ఇంటి పిల్లవాడు ఎనిమిదో తరగతి చదువుతుండేవాడు. వాడు బడికి వెళుతున్నాడా అని అయిదుసార్లలో ఒక్కసారీ అడగలేదు. 2022లో మాలో ఒకరి మోటారు సైకిల్ స్టాండు విరిగితే వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లారు. అక్కడ కళ్లజోడు లేకుండా వెల్డింగ్ పట్టుకున్నది ఆ పిల్లవాడే. "సలాం భాయ్" అన్నాడు. బడి సంగతి అడిగితే నవ్వి ఊరుకున్నాడు. బియ్యం కిట్ ఆ ఇంటి ఆకలి తీర్చింది. వాడి చదువు మాత్రం మా చేతుల్లోంచే జారిపోయింది.

అప్పటి నుంచి మాకు యూసుఫ్ అలైహిస్సలాం కథ వేరేగా అర్థమవుతోంది. మీ అందరికీ తెలిసిన కథే. రాజు కలలో ఏడు బలిసిన ఆవులను ఏడు బక్క ఆవులు తిన్నాయి. ఏడేళ్లు పంట, ఏడేళ్లు కరువు అని యూసుఫ్ అలైహిస్సలాం అర్థం చెప్పారు. పంట ఏళ్లలో తినగా మిగిలింది వెన్నులోనే ఉంచి దాచమన్నారు. కరువేళ్లలో అది తీసి తినమన్నారు. ఇక్కడితో కథ అయిపోయిందని మనం అనుకుంటాం. కానీ అక్కడ చిన్న మినహాయింపు ఉంది. కరువులో అంతా తినేసినా కొద్దిగా మాత్రం కాపాడుకునే భాగం ఉండాలి. అది విత్తనం కోసమని వ్యాఖ్యాతలు చెబుతారు. మన పక్కన రైతులకు ఇది ఏ వ్యాఖ్యానం లేకుండానే తెలుసు. ఎంత ఆకలేసినా విత్తనం వడ్లు వండుకోరు. వండుకుంటే ఆ పూట గడుస్తుంది, వచ్చే ఏడాది పొలం బీడు పడుతుంది.

దేశం బడ్జెట్టులో విత్తనం వడ్లు ఏవి? మా దృష్టిలో బడి పద్దు. రోడ్డు ఈ ఏడాది వేయకపోతే వచ్చే ఏడాది వేయవచ్చు. భవనానికి రంగు రెండేళ్లు ఆగినా ఫరవాలేదు. ఏడో తరగతి వయసు మాత్రం ఆగదు. పన్నెండేళ్ల పిల్లవాడిని "ఖజానా నిండాక రా" అంటే, వాడు వచ్చేసరికి వాడికి మీసాలు వస్తాయి.

ఆ కరువేళ్లలో ఏం జరిగిందో అంకెల్లో చూద్దాం. 2020-21 బడ్జెట్టులో కేంద్ర విద్యాశాఖకు 99,312 కోట్లు కేటాయించారు. ఏడాది మధ్యలో సవరించి దాన్ని 85,089 కోట్లకు దించారు. అందులో బళ్లకు నేరుగా వెళ్లే సమగ్ర శిక్ష పద్దు 38,751 కోట్ల నుంచి 27,957 కోట్లకు దిగింది. మరుసటి ఏడాదికి విద్యాశాఖ కేటాయింపు 93,224 కోట్లు. అంటే కరోనాకు ముందు వేసుకున్న అంకె కంటే తక్కువ. ఎంపీలు తమ నియోజకవర్గంలో తరగతి గదులకు, ప్రహరీలకు ఇచ్చే నిధులు ఏటా ఒక్కొక్కరికి అయిదు కోట్లు ఉండేవి. వాటిని 2020 ఏప్రిల్‌లో ఆపేశారు. 2021 నవంబరులో తిరిగి మొదలుపెట్టారు.

ఉన్నదున్నట్టు చెప్పాలి గనుక రెండో వైపు కూడా చెబుతాం. అదే ఏడాది ఉపాధి హామీ పథకానికి మొదట పెట్టిన 61,500 కోట్లకు తోడు మరో 40,000 కోట్లు ఇచ్చారు. ఊళ్లకు తిరిగొచ్చిన వాళ్లను ఆ పనే నిలబెట్టింది. మన ప్రాంతంలో చెరువు గట్ల మీద పలుగు పట్టిన వాళ్లలో డిగ్రీ చదివిన కుర్రవాళ్లు కూడా ఉన్నారు. రాష్ట్రంలో అమ్మ ఒడి కింద తల్లుల ఖాతాల్లో డబ్బు పడింది. కిందటి జూన్‌లో శ్రీకాకుళం సభలో విడుదల చేసిన విడతలో ఒక్కో తల్లికి 13,000 రూపాయలు వచ్చాయి. మన ఇళ్లలో ఎంతోమంది ఆడపిల్లలు దాని వల్లే బడిలో నిలిచారు. ఈ మేలు మరిచిపోకూడదు.

పార్లమెంటులో 2021 బడ్జెట్టు మీద చర్చ జరిగినప్పుడు రెండు వాదనలు వినిపించాయి. ప్రభుత్వం ఏమంది? రాబడి పడిపోయింది, లోటు జాతీయోత్పత్తిలో 3.5 శాతం అనుకున్నది 9.5 శాతానికి చేరింది, ఉన్న డబ్బు రోడ్లు, రైళ్లు, ఓడరేవుల మీద పెడితే పనులు పుడతాయి, పనులతో బతుకులు కోలుకుంటాయి అంది. ప్రతిపక్షం ఏమంది? పని పుట్టేదాకా జనం ఏం తినాలి, పేదవాళ్ల చేతికి నేరుగా డబ్బు ఇవ్వండి, వాళ్లు ఖర్చు పెడితేనే కొట్లు నడుస్తాయి అంది. రెండు వాదనల్లోనూ బలం ఉంది. వాటి మంచిచెడ్డలు తేల్చేంత చదువు మాకు లేదు. మాకు అర్థమైంది ఒక్కటే. ఇద్దరూ పెద్దవాళ్ల పని గురించి, పెద్దవాళ్ల ఆకలి గురించి గట్టిగా మాట్లాడారు. బడి మానేసిన పిల్లవాడి వంతు వచ్చేసరికి గొంతులు తగ్గాయి. వాడికి ఓటు లేదు. సమ్మె చేయలేడు. వాడు మానేసిన సంగతి హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనబడదు.

ఇక ఆ తల్లి ప్రశ్న దగ్గరికి వద్దాం. ఒకటి నుంచి ఎనిమిది దాకా స్కాలర్‌షిప్పు ఎందుకు తీసేశారు? ప్రభుత్వం చెప్పిన కారణం ఇది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ తరగతుల చదువు ఎలాగూ ఉచితం, నిర్బంధం. ఇతర వర్గాల పిల్లలకు సాంఘిక న్యాయ, గిరిజన శాఖలు ఇచ్చేవీ తొమ్మిది, పది తరగతులకే. అందుకని అందరికీ ఒకే హద్దు పెట్టామన్నారు.

వినడానికి సబబుగానే ఉంది. కానీ ఉచితం అన్నది ఫీజు మాత్రమే. నోటు పుస్తకం, బూట్లు తెగిపోతే కొత్తవి, జ్వరం వస్తే మందులు, ఊరి చివరి నుంచి బడికి ఆటో, ఇవి ఫీజులో లేవు. పేద ఇంట్లో 1,000 రూపాయలంటే పిల్లవాడు ఇంటికి ఏదో తెచ్చాడన్న గౌరవం. వాడి పేరు మీద ఒక బ్యాంకు ఖాతా. వాడిని షెడ్డుకు పంపే ముందు తండ్రి ఒక్క నిమిషం ఆగి ఆలోచించడానికి ఒక కారణం. బడి మానేసే పిల్లల్లో ఎక్కువమంది మాకు తెలిసినంతలో ఏడు, ఎనిమిది తరగతుల మధ్యనే జారిపోతున్నారు. తొమ్మిదిలో ఇస్తామన్న డబ్బు అందుకోవాలంటే వాడు తొమ్మిది దాకా రావాలి కదా.

ఈ ఏటి బడ్జెట్టు పుస్తకంలో అది స్పష్టంగా కనిపిస్తుంది. మైనారిటీ వ్యవహారాల శాఖకు కిందటి ఏడాది 5,020 కోట్లు రాశారు. ఏడాది చివరికి సవరించి 2,612 కోట్లు అన్నారు. ఈ ఏడాదికి 3,097 కోట్లు. ప్రీమెట్రిక్ పద్దు 1,425 కోట్ల నుంచి 433 కోట్లకు వచ్చింది. అదే సమయంలో పది దాటిన వాళ్లకిచ్చే పోస్ట్‌మెట్రిక్ పద్దు 515 కోట్ల నుంచి 1,065 కోట్లకు పెరిగింది. సంతోషమే. పది దాటిన వాళ్లకు పెరిగింది, పది దాకా రావాల్సిన వాళ్లకు తగ్గింది. చెట్టుకు నీళ్లు పోశారు, మొక్కకు మానేశారు. పరిశోధన చేసేవాళ్లకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్ కూడా ఆపుతున్నామని కిందటి డిసెంబరు 8న లోక్‌సభలో రాతపూర్వకంగా చెప్పారు. స్వతంత్ర భారతానికి మొదటి విద్యామంత్రి పేరు మీద ఉన్న ఫెలోషిప్ అది.

ఈ అంకెల మీద లోక్‌సభలో చర్చ జరిగి ఉంటే ఎవరో ఒకరు ఈ మాటలు అని ఉండేవారేమో. మార్చి 23న ఆ అవకాశమే రాలేదు.

నిరాశ పడమని మేము చెప్పడం లేదు. బడి డబ్బు గురించి సభల్లో వాదన ఈ రోజుది కాదు. 1911లో గోపాలకృష్ణ గోఖలే ప్రాథమిక విద్య అందరికీ నిర్బంధం చేయాలని ఆనాటి కేంద్ర శాసనమండలిలో బిల్లు పెట్టారు. మండలిలోని ముస్లిం సభ్యుల్లో మజహరుల్ హక్ వంటివారు దాన్ని బలపరిచారు. డబ్బెక్కడిది అన్నది అప్పుడూ ఒక ప్రశ్నే. 1912 మార్చిలో 38 ఓట్లకు 13 ఓట్లతో ఆ బిల్లు ఓడిపోయింది. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. తొంభై ఎనిమిదేళ్లు పట్టింది. అడగడం మానేసి ఉంటే ఈనాటికీ వచ్చేది కాదు.

ఇప్పుడు మన పని ఏమిటి? ఈ సంగతి మాలో మాకే తేలలేదు, చాలా రాత్రులు వాదించుకున్నాం. "ప్రభుత్వం ఆపింది, మనం ఇద్దాం, అల్లా చూసుకుంటాడు, రాజకీయాలు మనకెందుకు" అని కొందరు. "పన్నులు కట్టేది మనమే, ఇవ్వాల్సింది వాళ్లు, మనం ఇస్తే వాళ్లకు తప్పించుకునే దారి చూపించినట్టే" అని కొందరు. రెండు మాటలూ సగం సగం నిజం. ప్రీమెట్రిక్ పద్దులో తగ్గింది 992 కోట్లు. దేశంలోని జకాత్ సంఘాలన్నీ కలిసినా ఆ గుంత పూడ్చలేవు, చీపురుపల్లి సంగతి చెప్పక్కర్లేదు. కానీ ప్రభుత్వం మనసు మార్చుకునేదాకా ఆ నాలుగో తరగతి పిల్లవాడు ఆగలేడు. కాబట్టి అడగాలి, ఇవ్వాలి. ఒక చేత్తో కాగితం, ఒక చేత్తో సంచీ.

ఈ ఏడాది కార్యవర్గం నాలుగు నిర్ణయాలు మీ ఆమోదానికి పెడుతోంది.

మొదటిది. ఇంతవరకు విద్యా సహాయాన్ని అందరికీ సమానంగా పంచుతున్నాం. ఎవరికీ కోపం రాకుండా ఉండడానికి అలా చేశాం. ఇకమీదట ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు, అందులోనూ ఇంట్లో సంపాదన ఆగిపోయిన పిల్లలకు ముందు ఇస్తాం. కిట్ ఇచ్చిన ప్రతి ఇంట్లో బడి హాజరు అడుగుతాం. జకాత్‌కు అర్హులైన వాళ్లకే జకాత్ వెళుతుంది, ఆ లెక్క మారదు.

రెండోది. ఒక కరువు నిధి పెడతాం. జకాత్ డబ్బును ఏళ్ల తరబడి నిల్వ చేయడం తగదని ఉలమా చెబుతారు గనుక అందులోంచి పైసా ముట్టం. సదకా, సాధారణ విరాళాల్లోంచి పదో వంతు పక్కన పెడతాం. గనులో, కొలిమిలో, మిల్లులో మూతపడిన ఏడాది అది తీస్తాం. తీసిన సొమ్ము పిల్లల్ని బడిలో నిలపడానికి మాత్రమే. అది మన విత్తనం వడ్లు.

మూడోది. శుక్రవారం జుమా తర్వాత మన ఆఫీసులో దరఖాస్తుల బల్ల పెడతాం. తొమ్మిది, పది, ఇంటరు పిల్లలకు ఉన్న స్కాలర్‌షిప్పులు ఖాతాకు ఆధార్ కలవకనో, పేరులో ఒక అక్షరం తేడా వచ్చిందనో, బడిలో ధ్రువీకరణ గడువు దాటిందనో పోతున్నాయి. పద్దులో రాసిన డబ్బు ఖర్చు కాకపోతే మరుసటి ఏడాది "అడిగేవాళ్లు లేరు" అని ఇంకా కోస్తారు. అందుకే వచ్చే ప్రతి రూపాయి అందుకోవడం కూడా పోరాటమే. కంప్యూటరు తెలిసిన మన కుర్రవాళ్లు వారానికి రెండు గంటలు ఇస్తే చాలు. ఈ బల్ల దగ్గరకు ఏ కులం, ఏ మతం పిల్లలు వచ్చినా కూర్చోబెట్టి చేసి పంపుతాం.

నాలుగోది అడగడం. ఫిబ్రవరి 1న బడ్జెట్టు టీవీలో చూసి తిట్టుకోవడం వల్ల ఏమీ రాదు. అప్పటికే అచ్చయిపోతుంది. శాఖల అంచనాలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తయారవుతాయి. ఆలోపే మన కాగితం వెళ్లాలి. మన విజయనగరం లోక్‌సభ సభ్యుడికి ఒక వినతి, ఈ విషయం మీద సభలో ప్రశ్న వేయమని. సాంఘిక న్యాయ శాఖ స్థాయీ సంఘానికి ఒక వినతి, ఎందుకంటే మైనారిటీ శాఖ పద్దులను పరిశీలించేది ఆ సంఘమే. అక్కడ టీవీలు లేవు, కేకలు లేవు, అన్ని పార్టీల వాళ్లూ కూర్చుని అంకెలు చూస్తారు. ఇక రాష్ట్రం సంగతి. రాష్ట్ర విద్యాశాఖ మంత్రి ఈ 2023లో మన చీపురుపల్లి ప్రతినిధే. మనం అడగాల్సిన దూరం ఇంతకంటే తగ్గదు. ఏడు, ఎనిమిది తరగతుల్లో మానేసిన పిల్లల్ని ఇంటింటికీ వెళ్లి వెనక్కి తెచ్చే పని మన మండలంలోనే మొదలుపెట్టమని అడుగుదాం.

అడిగేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకుందాం. మనం నూటికి ఒక్కరం కూడా లేని జిల్లా ఇది. "మా పిల్లలకు" అని అడిగితే మన గొంతు చిన్నది. "ఈ బడిలో చదివే పేద పిల్లలందరికీ" అని అడిగితే ఆ గొంతు ఊరంత అవుతుంది. న్యాయం కూడా అదే. మన పిల్లవాడి పక్క బల్ల మీద కూర్చున్న తూర్పు కాపు పిల్లకు, దళితవాడ పిల్లవాడికి బూట్లు తెగితే అదే బాధ.

వెల్డింగ్ షాపులో కనబడిన ఆ పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాం. మేము చాలాసార్లు వెళ్లాం. మొదట వాళ్ల నాన్న ఒప్పుకోలేదు. "భాయ్, వాడి రోజు కూలి మీరిస్తారా?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. మూడు నెలల ఇంటి ఖర్చులో కొంత భాగం మేము సర్దుబాటు చేస్తామన్నాం. ఓపెన్ స్కూలులో పదో తరగతికి కట్టించాం. పగలు పని, సాయంత్రం మన ఆఫీసులో చదువు. ఇప్పటికి రెండు సబ్జెక్టులు పాసయ్యాడు. లెక్కలు ఇంకా ఉన్నాయి. వాడికి కళ్లజోడు కూడా కొనిపెట్టాం. వాడు పూర్తిగా గట్టెక్కాడని చెప్పలేం. పొలం ఒక్క పంట కాలం బీడు పడితే మళ్లీ సాగులోకి తేవడానికి ఎంత శ్రమో వాడిని చూస్తే తెలుస్తోంది. ఎనిమిదో తరగతిలోనే అడిగి ఉంటే ఇందులో పదో వంతు ఖర్చుతో సరిపోయేది.

నాలుగో తరగతి పిల్లవాడి తల్లి ఈ రోజు ఈ సభలోనే ఉన్నారు. అమ్మా, మీ పిల్లడు ఏ తప్పూ చేయలేదు. ఆ 1,000 రూపాయలు ఈ ఏడాది మన సొసైటీ ఇస్తుంది. వచ్చే ఏడాది ప్రభుత్వమే ఇవ్వాలని మీరూ మేమూ కలిసి రాసే కాగితం మీద మొదటి సంతకం మీది కావాలి.

దాతలకు మా మనవి. మీ చేయి ఇంతవరకు తెరిచే ఉంది, అల్లా మీ రిజ్క్‌లో బరకత్ ఇవ్వాలి. ఈ ఏడాది డబ్బుతో పాటు మీ సంతకం కూడా ఇవ్వండి. ద్వారం దగ్గర బల్ల మీద రెండు పుస్తకాలు ఉన్నాయి. ఒకటి రసీదు పుస్తకం, ఒకటి వినతిపత్రం. ఇంటికి వెళ్లే ముందు రెండింటి దగ్గరా ఆగండి.